సైనస్: ఆపరేషన్ ఒక్కపూట, చికిత్స ఏళ్లతరబడి

ముక్కు దిబ్బడ నుంచి తలనొప్పి దాకా అన్నిటినీ 'సైనస్' ఖాతాలో వేయడం మామూలైపోయింది. ఎండోస్కోపుతో చేసే ఆపరేషన్ నిజంగా అవసరమైనవారికి వరమే. కానీ బస్తర్ లాంటి ప్రాంతాల్లో దాని ఫలితాన్ని తేల్చేది కత్తి కాదు, ఆసుపత్రికీ ఊరికీ మధ్య ఉన్న దూరం.

విశాఖపట్నం సమీపంలోని కొత్తవలస నుంచి కిరండూల్ దాకా రైలు పట్టాలు వేసింది 1960ల్లో. బైలాడిలా కొండల్లోని ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడమే అప్పటి లక్ష్యం. ఆ దారిలో ఇప్పుడు ఖనిజంతోపాటు రోగులూ ప్రయాణిస్తున్నారు. జగదల్‌పూర్‌లో రైలెక్కి కోరాపుట్, అరకు మీదుగా విశాఖ ఆసుపత్రులకు వచ్చేవారు కొందరు. కేశ్‌కాల్ ఘాట్ దిగి దాదాపు 300 కిలోమీటర్ల దూరంలోని రాయపూర్‌కు వెళ్లేవారు కొందరు. దక్షిణాన కొంటా, భోపాల్‌పట్నం వైపు తెలుగు మాట్లాడే పల్లెలవారికైతే భద్రాచలం, వరంగల్ దగ్గరి పట్నాలు.

గుండె జబ్బుకో, ప్రమాదంలో తగిలిన గాయానికో ఇంత దూరం వెళ్లడం అర్థమవుతుంది. ముక్కు కోసం ఎవరు వెళతారు? నెలల తరబడి ముక్కు మూసుకుపోయినా, వాసన తెలియకపోయినా, చెంపలు బరువెక్కినా అది 'పడిశం' కిందే జమ. మొదట ఆకు పసరు, తర్వాత ఊరి ఆర్‌ఎంపీ ఇచ్చే ఇంజెక్షన్, ఆపైన మందుల షాపులో దొరికే ముక్కు చుక్కలు. మధ్యలో ఎప్పుడో ఎవరో దానికి 'సైనస్' అని పేరు పెడతారు. అసలు ముక్కులోకి దీపం వేసి చూసిన డాక్టర్ మాత్రం అప్పటిదాకా ఒక్కరూ ఉండరు.

చిక్కంతా అక్కడే ఉంది. సైనస్ అనేది జబ్బు పేరు కాదు, శరీరంలో ఒక భాగం పేరు. అది అందరికీ ఉంటుంది. అక్కడ ఏం జరుగుతోందో చూడకుండా మందు వేయడం ఎంత పొరపాటో, చూడకుండా ఆపరేషన్‌కు సిద్ధపడటం అంతకంటే పెద్ద పొరపాటు.

ముఖంలోని గాలి గదులు

ముక్కు చుట్టూ ఎముకల్లో నాలుగు జతల ఖాళీ గదులుంటాయి. చెంపల వెనక ఉన్నవి అన్నిటికంటే పెద్దవి, పెద్దవారిలో ఒక్కోటి సుమారు 15 మిల్లీలీటర్లు పట్టేంత ఉంటుంది. కళ్ల మధ్య తేనెపట్టులా ఉండే చిన్నచిన్న అరలు ఒక జత. కనుబొమల పైన నుదుటి ఎముకలో ఒక జత. తలలో బాగా లోపల, కంటి నరాలకు ఆనుకుని మరో జత. అన్నిటి లోపలా తడిగా ఉండే పలచని పొర పరచుకుని ఉంటుంది. ఆ పొర నిత్యం జిగురు ద్రవాన్ని ఊరిస్తూ ఉంటుంది. దుమ్ము, సూక్ష్మజీవులు అందులో చిక్కుకుంటాయి.

ఆ జిగురును బయటికి తోసేది కంటికి కనిపించని నూగు. సెకనుకు పదిసార్లకు పైగా కదిలే ఈ నూగు, కోతకొచ్చిన చేను గాలికి ఊగినట్టు ఒకే దిక్కుకు ఊగుతూ ద్రవాన్ని గది ద్వారం వైపు నెడుతుంది. అక్కడి నుంచి ముక్కులోకి, ముక్కు వెనక నుంచి గొంతులోకి జారుతుంది. రోజంతా మనకు తెలియకుండానే దాన్ని మింగేస్తుంటాం.

ఇందులో విచిత్రం ఒకటుంది. చెంప గది ద్వారం అడుగున ఉండదు, పైన కప్పుకు దగ్గరగా ఉంటుంది. ద్వారం వెడల్పు కూడా కొద్ది మిల్లీమీటర్లే. అంటే నీళ్లు పల్లానికి పారినట్టు ఇక్కడి ద్రవం పారదు. నూగు దాన్ని ఎదురెక్కించాలి. జలుబు చేసో, అలర్జీ వల్లో ద్వారం దగ్గర వాపు వస్తే దారి మూసుకుపోతుంది. లోపల ద్రవం నిలిచిపోతుంది. నిలిచిన నీటిలో ఏం జరుగుతుందో అదే జరుగుతుంది. నుదుటి గది, చెంప గది, కళ్ల మధ్యనున్న ముందు అరలు మూడూ దాదాపు ఒకే ఇరుకు సందులోకి తెరుచుకుంటాయి. ఆ సందు మూసుకుపోతే మూడూ ఒకేసారి ఇబ్బంది పెడతాయి. ఎండోస్కోపిక్ ఆపరేషన్ వెనక ఉన్న ఆలోచనంతా ఈ ఇరుకు సందు చుట్టూనే తిరుగుతుంది.

ఏది సైనస్, ఏది కాదు

జలుబు చేసినప్పుడు సైనస్‌లు కూడా కాస్త వాస్తాయి. అది వైరస్ పని. వారం పది రోజుల్లో దానంతటదే తగ్గుతుంది. పెద్దవారిలో జలుబు బ్యాక్టీరియా ఇన్‌ఫెక్షన్‌గా ముదిరేది నూటికి ఇద్దరికి మించదు. పది రోజులు దాటినా తగ్గకపోవడం, తగ్గినట్టే తగ్గి మళ్లీ జ్వరం, నొప్పితో తిరగబెట్టడం దానికి గుర్తులు. కాబట్టి రెండో రోజే యాంటీబయాటిక్ మింగడం డబ్బు దండగ మాత్రమే కాదు, ఆ మందు రేపు అవసరమైనప్పుడు పనిచేయకుండా చేసుకోవడం కూడా.

ముక్కు దిబ్బడ లేదా చీమిడి, దానితోపాటు ముఖంలో బరువు లేదా వాసన తెలియకపోవడం 12 వారాలకు మించి కొనసాగితే దాన్ని దీర్ఘకాలిక సైనసైటిస్ అంటారు. యూరప్ నిపుణులు 2020లో వెలువరించిన మార్గదర్శకాల ప్రకారం ఈ లక్షణాలున్నవారు జనాభాలో 5 నుంచి 12 శాతం దాకా ఉంటారు. అయితే లక్షణాలు ఉన్నంత మాత్రాన నిర్ధారణ అయినట్టు కాదు. ఎండోస్కోపులో చీము, వాపు లేదా పాలిప్స్ కనిపించాలి, లేదా సీటీ స్కాన్‌లో తేడా కనిపించాలి. ద్రాక్షపండ్ల గుత్తిలా, పాలిపోయిన రంగులో ముక్కులో పెరిగే మెత్తటి కండలే పాలిప్స్. అవి క్యాన్సర్ కావు. కానీ వాసనను మింగేస్తాయి, తరచు ఉబ్బసంతో జతకడతాయి.

మరి తలనొప్పి సంగతి? సైనస్ తలనొప్పి అని తమకు తామే నిర్ధారించుకున్న లేదా డాక్టర్ చెప్పిన 2,991 మందిని పరీక్షించి అమెరికా పరిశోధకులు 2004లో ఒక అధ్యయనం ప్రచురించారు. వారిలో 88 శాతం మందిది మైగ్రేన్ తరహా తలనొప్పి అని తేలింది. మైగ్రేన్‌లో కూడా ముక్కు కారుతుంది, కళ్లలో నీళ్లు తిరుగుతాయి, ముఖం బరువెక్కుతుంది. తల వంచితే పెరుగుతుంది. చీమిడీ, దిబ్బడా లేకుండా కేవలం తలనొప్పి మాత్రమే ఉంటే అది సైనస్ అయ్యే అవకాశం తక్కువ. అలాంటివారికి సైనస్ ఆపరేషన్ చేస్తే తలనొప్పి అలాగే ఉంటుంది, అప్పు మాత్రం మిగులుతుంది.

ఉదయం లేవగానే వరసగా తుమ్ములు, ముక్కులో దురద, నీళ్లలా కారడం అలర్జీకి గుర్తులు. దిబ్బడ తగ్గడానికి వాడే చుక్కల మందుది మరో కథ. మొదట్లో నిమిషాల్లో ముక్కు తెరుచుకుంటుంది. వారం దాటి వాడితే ఆ మందే దిబ్బడకు కారణమవుతుంది, చుక్క వేయనిదే నిద్రపట్టని స్థితి వస్తుంది. ఒకవైపు నుంచే చీము కారుతూ దుర్వాసన వస్తుంటే పై దవడ పళ్లు చూపించుకోవాలి. ఆ దంతాల వేళ్లు చెంప గది నేలను తాకుతుంటాయి. పిప్పిపన్ను తీయనిదే ఆ సైనస్ తగ్గదు. చిన్నపిల్లల్లో ఒకవైపే దుర్వాసన అంటే ముక్కులో చింతగింజో, పూసో దూర్చుకున్నారేమో చూడాలి.

పొయ్యి పొగ, మిరప ఘాటు, చెరువు నీరు

బస్తర్ డివిజన్‌లో ఏడు జిల్లాలున్నాయి. విస్తీర్ణం దాదాపు కేరళ రాష్ట్రమంత. ఇక్కడ ముక్కుకు వచ్చే కష్టాల జాబితాలో స్థానికమైనవి కొన్ని ఉన్నాయి. మొదటిది పొగ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఛత్తీస్‌గఢ్‌లో గ్యాస్ లాంటి శుభ్రమైన ఇంధనంతో వంట చేసే ఇళ్లు సుమారు మూడోవంతు మాత్రమే. మిగిలినవాటిలో కట్టెలు, పిడకలే ఆధారం. కిటికీ లేని వంటింట్లో గంటల తరబడి పొగ పీల్చే మహిళల ముక్కులో ఆ నూగు దెబ్బతింటుంది. దాని పని మందగిస్తే పైన చెప్పుకున్న ఎదురెక్కే ప్రయాణం ఆగిపోతుంది.

రెండోది మిరప. ఏటా చలికాలం చివర నుంచి వేసవి దాకా బీజాపుర్, సుక్మా పల్లెల నుంచి కూలీలు ములుగు, ఖమ్మం, భద్రాద్రి ప్రాంతాల మిరప చేలకు వస్తారు. కాయ కోత, ఆరబోత, గ్రేడింగ్, ఏ దశలోనైనా ఘాటు తప్పదు. ముక్కు మండటం, ధారగా కారడం, తుమ్ములు ఆగకపోవడం ఆ పనిలో భాగమే. ఇది ఇన్‌ఫెక్షన్ కాదు, ఘాటుకు ముక్కు పొర తిరగబడటం. తడి గుడ్డ కట్టుకోవడం, సాయంత్రం ముక్కును ఉప్పునీటితో కడుక్కోవడం యాంటీబయాటిక్ కంటే మేలు చేస్తాయి.

మూడోది ఈ ప్రాంతం బయట పెద్దగా వినిపించని రైనోస్పోరిడియోసిస్. ప్రపంచంలో ఈ జబ్బు ఎక్కువగా కనిపించేది భారత్, శ్రీలంకల్లో. మన దేశంలో అది తరచు కనిపించే ప్రాంతాల్లో ఛత్తీస్‌గఢ్ ఒకటి. నిలవ నీటిలో ఉండే సూక్ష్మజీవి, చెరువులో మునిగినప్పుడు ముక్కు పొరపై ఉన్న చిన్న గీరుడు ద్వారా లోపలికి చేరుతుందని భావిస్తారు. నెలల తర్వాత ముక్కులో ఎర్రటి కండ పెరుగుతుంది. దాని మీద తెల్లటి చుక్కలు, చూడటానికి స్ట్రాబెర్రీ పండులా ఉంటుంది. తాకితే రక్తం. పైపైన వింటే లక్షణాలన్నీ సైనస్‌వే: దిబ్బడ, కారడం, అప్పుడప్పుడు ముక్కు నుంచి రక్తం.

ఈ జీవిని 1900లో అర్జెంటీనాలో గిలెర్మో సీబర్ తొలిసారి వర్ణించారు. ఎడిన్‌బరోలో ఆష్‌వర్త్ 1923లో దాని జీవితచక్రాన్ని వివరించారు. చాలాకాలం దాన్ని శిలీంధ్రమనే అనుకున్నారు. 1990ల చివర జరిగిన జన్యు పరీక్షలు అది శిలీంధ్రం కాదని, చేపల్లో జబ్బులు తెచ్చే ఒక జీవుల గుంపుకు బంధువని తేల్చాయి. ఇంతకాలం గడిచినా దాన్ని పూర్తిగా పోగొట్టే మాత్ర లేదు. కండను తీసేసి, అది పట్టుకున్న మొదలును కాల్చడమే చికిత్స. మొదలు ఎక్కడుందో కనిపించకపోతే మళ్లీ పెరుగుతుంది. అందుకే ఇక్కడ ఎండోస్కోపు విలువ మరీ ఎక్కువ.

కుష్ఠు కేసులు దేశంలో ఎక్కువగా నమోదవుతున్న రాష్ట్రాల్లో ఛత్తీస్‌గఢ్ ఒకటన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఆ జబ్బు ముక్కు లోపలి పొరను తొలి దశలోనే తాకగలదు. తగ్గని దిబ్బడ, పొక్కులు, రక్తం ఉన్నవారి ఒంటిమీద స్పర్శ లేని మచ్చలున్నాయేమో చూడటం డాక్టర్ల బాధ్యత. 'సైనస్' అన్న ఒక్క మాట చాటున ఇన్ని జబ్బులు దాక్కుని ఉంటాయి.

ముందు నీళ్లు, తర్వాతే కత్తి

నిజంగా దీర్ఘకాలిక సైనసైటిసే అయినా మొదటి చికిత్స ఆపరేషన్ కాదు. ఉప్పునీటితో ముక్కు కడగడం, ముక్కులో స్టెరాయిడ్ స్ప్రే, ఈ రెండూ పునాదులు. స్టెరాయిడ్ అనగానే భయపడనక్కర్లేదు. స్ప్రేలో మందు మోతాదు చాలా తక్కువ, అది పనిచేసేది ముక్కు పొర మీదే. అయితే నాలుగు రోజులు వాడి ఫలితం లేదని పారేస్తే లాభం లేదు, వారాల తరబడి రోజూ వాడాలి. కుడి చేత్తో ఎడమ రంధ్రంలో, ఎడమ చేత్తో కుడి రంధ్రంలో, మొన చెవి వైపు ఉండేట్టు కొట్టాలి. మధ్య దూలానికి తగిలేలా కొడితే పుండుపడి రక్తం వస్తుంది.

ముక్కు కడగడం మనకు కొత్త కాదు. యోగంలో జలనేతి ఉంది. వాడే నీటి విషయంలో మాత్రం రాజీ పనికిరాదు. అమెరికాలోని లూసియానాలో 2011లో నేతి పాత్రలో కుళాయి నీళ్లు వాడిన ఇద్దరు, మెదడును తినే అమీబా సోకి మరణించారు. కేరళలో 2024, 2025ల్లో వచ్చిన అమీబా మెదడువాపు కేసులు చెరువు నీటి మీద దేశం దృష్టిని మళ్లించాయి. వాగు నీరు, చెరువు నీరు, చేతిపంపు నీరు ఏదైనా సరే, కనీసం ఒక నిమిషం సలసలా మరిగించి, మూతపెట్టి చల్లార్చి గోరువెచ్చగా వాడాలి. అర లీటరు నీటికి ఒక చిన్న చెంచా ఉప్పు, చిటికెడు వంటసోడా చాలు. పాత్రను కూడా వేడినీటితో కడిగి ఆరబెట్టాలి.

ఈ చికిత్సకు నెల ఖర్చు ఎక్కువేమీ కాదు. కానీ చెప్పేవారు ఉండాలి, ఎలా వాడాలో చూపించేవారు ఉండాలి. తగిన మందులు సరిగ్గా, తగినంత కాలం వాడినా తగ్గనివారికే ఆపరేషన్ ప్రస్తావన రావాలి.

పాత తలుపే దారి

వంద సంవత్సరాల కిందట సైనస్ ఆపరేషన్ అంటే పై పెదవి ఎత్తి, చిగురు పైన కోసి, చెంప ఎముకకు కిటికీ పెట్టడమే. న్యూయార్క్‌లో జార్జ్ కాల్డ్‌వెల్ 1893లో, పారిస్‌లో హెన్రీ లుక్ 1897లో విడివిడిగా ప్రచురించిన ఈ పద్ధతి వారి పేర్లతోనే దశాబ్దాల పాటు నడిచింది. లోపలి పొరంతా గీకేసి, ద్రవం కిందికి కారేందుకు ముక్కులోకి అడుగున కొత్త ద్వారం పెట్టేవారు. చాలామందికి జబ్బు తిరగబెట్టేది. ఎందుకో తెలియదు.

జవాబు ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో దొరికింది. అక్కడి వైద్యుడు వాల్టర్ మెసర్‌క్లింగర్ సైనస్‌లలో ద్రవం ఎటు కదులుతుందో ఏళ్ల తరబడి గమనించారు. అడుగున ఎంత పెద్ద ద్వారం పెట్టినా నూగు మాత్రం ద్రవాన్ని పైనున్న పాత ద్వారానికే మోస్తోంది! ఇంటికి కొత్త గుమ్మం పెట్టినా పశువులు పాత దారినే వచ్చినట్టు. అంటే చేయాల్సింది కొత్త దారి వేయడం కాదు, పాత దారికి అడ్డం తొలగించడం. అలా చేస్తే లోపలి పొర చాలావరకు దానంతటదే కోలుకుంటుందని ఆయన తేల్చారు. ఆ పరిశీలనలతో ఆయన పుస్తకం 1978లో వచ్చింది.

అంత ఇరుకులో చూడటానికి సాధనం కూడా సిద్ధమైంది. 1901లో హిర్ష్‌మన్ అనే జర్మన్ వైద్యుడు మూత్రాశయం చూసే గొట్టాన్నే మార్చి ముక్కులోకి చూశాడు గానీ బొమ్మ మసకగా ఉండేది. బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త హెరాల్డ్ హాప్‌కిన్స్ రూపొందించిన గాజు కడ్డీల కటకాలతో, జర్మనీకి చెందిన కార్ల్ స్టోర్జ్ సంస్థ 1960ల్లో తయారు చేసిన ఎండోస్కోపులు ఆ లోటు తీర్చాయి. నాలుగు మిల్లీమీటర్ల మందం, పెన్సిల్ కంటే సన్నం. మొన దగ్గర కోణం మార్చితే మూల మలుపులు కూడా కనిపిస్తాయి. 1970ల్లో సీటీ స్కాన్ వచ్చి, ఎముక వెనక ఏముందో ముందే చెప్పింది. మెసర్‌క్లింగర్ శిష్యుడు హైంజ్ స్టామ్‌బర్గర్, అమెరికాలో డేవిడ్ కెన్నెడీ 1980ల్లో ఈ పద్ధతిని ప్రపంచమంతా పరిచయం చేశారు. ఫంక్షనల్ ఎండోస్కోపిక్ సైనస్ సర్జరీ అన్న పేరు 1985లో కెన్నెడీ పెట్టిందే. పొడిగా 'ఫెస్' అంటారు.

గోడ అవతల కన్ను, మెదడు

ముఖం మీద కోత ఉండదు. సాధారణంగా పూర్తి మత్తు ఇచ్చి, ముక్కు రంధ్రం నుంచే ఎండోస్కోపు, సన్నని పరికరాలు పంపిస్తారు. తెర మీద చూస్తూ ఇరుకు సందును వెడల్పు చేసి, పాలిప్స్ ఉంటే తీసి, గదుల సహజ ద్వారాలను తెరుస్తారు. జబ్బు ఎంత విస్తరించిందన్నదాన్ని బట్టి గంట నుంచి మూడు గంటలు పడుతుంది. చాలామంది అదే రోజో, మర్నాడో ఇంటికి వెళతారు. ముక్కు దూలం వంకర అడ్డమైతే అదే పూట సరిచేస్తారు. దూలం కాస్త వంకర ఉండటం మాత్రం జబ్బు కాదు, చాలామందికి ఉంటుంది.

చిన్న ఆపరేషన్‌లా కనిపించినా ఇది సరిహద్దులో చేసే పని. కళ్ల మధ్య అరలకూ కంటికీ మధ్య ఉండే ఎముకకు లాటిన్‌లో పెట్టిన పేరుకు అర్థమే కాగితపు పలక. పైకప్పు అవతల మెదడు. లోపలి గది గోడల్లో కంటి నరం, మెదడుకు వెళ్లే పెద్ద రక్తనాళం. చూపు దెబ్బతినడం, మెదడు చుట్టూ ఉండే నీరు కారడం, తీవ్ర రక్తస్రావం లాంటి పెద్ద ప్రమాదాలు నూటికి ఒకరి కంటే తక్కువమందికే వస్తాయి. కానీ వచ్చినప్పుడు గంటల్లో స్పందించే ఏర్పాటు ఆసుపత్రిలో ఉండాలి. సీటీ స్కాన్ లేకుండా, దాన్ని తెర పక్కన పెట్టుకోకుండా ఈ ఆపరేషన్ చేయకూడదు.

అసలు పరీక్ష ఊళ్లో

బస్తర్ రోగి కోణం నుంచి చూస్తే కీలకమైన భాగం ఇక్కడ మొదలవుతుంది. ఆపరేషన్ జబ్బును తీసేయదు, ద్వారం తెరుస్తుంది. తెరిచిన ద్వారం మళ్లీ పూడిపోకుండా చూసేది ఆ తర్వాతి నెలలే. మొదటి కొన్ని వారాల్లో ఒకటి రెండుసార్లయినా డాక్టర్ ఎండోస్కోపుతో లోపలి పొక్కులు, గడ్డకట్టిన రక్తం తీయాలి. లేదంటే గాయం అంచులు అతుక్కుపోయి దారి మళ్లీ మూసుకుపోవచ్చు. కనీసం వారం పది రోజులు గట్టిగా చీదకూడదు, బరువులెత్తకూడదు. రోజూ ఉప్పునీటితో కడగాలి. స్ప్రే నెలలు, పాలిప్స్ ఉన్నవారైతే ఏళ్లు వాడాలి.

పాలిప్స్ ఉన్నవారికి ఈ జాగ్రత్త మరీ ముఖ్యం. ఆపరేషన్ చేయించుకున్న ఇలాంటి రోగులను గమనించిన ఒక అమెరికా అధ్యయనం 2017లో వెలువడింది. ఏడాదిన్నరకల్లా పదిమందిలో నలుగురికి పాలిప్స్ తిరిగి కనిపించాయి. ఇబ్బంది మునుపటంత ఉండకపోవచ్చు, కానీ జబ్బు స్వభావం అదే. దాన్ని ఉబ్బసంలా, బీపీలా అదుపులో ఉంచుకోవాల్సిందే తప్ప ఒక కోతతో తేలిపోయేది కాదు.

ఇప్పుడు లెక్క వేయండి. సుక్మా జిల్లా పల్లె నుంచి విశాఖకో, రాయపూర్‌కో ఒక ప్రయాణమంటే రోగితోపాటు తోడు వచ్చే మనిషి కూలీ, బస్సు, రైలు, బస, తిండి. ఆపరేషన్ ఉచితంగా జరిగినా ఇవి ఉచితం కావు. ఒకసారికి ఎలాగో సమకూరుతుంది. 'పది రోజుల తర్వాత మళ్లీ రండి' అన్న మాట దగ్గర చికిత్స తెగిపోతుంది. ముక్కు కాస్త తెరుచుకుందనిపించగానే ప్రయాణం వాయిదా పడుతుంది. ఏడాది తిరిగేసరికి పరిస్థితి మొదటికొస్తే 'ఆపరేషన్ పనిచేయదు' అన్న మాట ఊరంతా పాకుతుంది. నిజానికి పనిచేయనిది ఆపరేషన్ కాదు, దాని తర్వాత జరగాల్సినది.

2018లో మొదలైన ఆయుష్మాన్ భారత్ పథకంలో సైనస్ ఎండోస్కోపిక్ ఆపరేషన్‌కు ప్యాకేజీ ఉంది, ఆ కార్డు రాష్ట్రం దాటినా చెల్లేలా పథకాన్ని రూపొందించారు. ఏ ఆసుపత్రిలో ఏ చికిత్స వర్తిస్తుందో బయల్దేరే ముందే కనుక్కోవాలి. అయితే ఏ ప్యాకేజీ అయినా ఆపరేషన్ బల్ల చుట్టూ అల్లుకున్నదే. నాలుగో వారం ప్రయాణానికి, ఆరో నెల స్ప్రేకి అందులో చోటు తక్కువ.

2021 నేర్పిన పాఠం

ముక్కులోకి త్వరగా చూడటం ఎంత అవసరమో కొవిడ్ రెండో అల తర్వాత దేశమంతా చూసింది. బ్లాక్ ఫంగస్‌గా పేరుపడ్డ మ్యూకర్‌మైకోసిస్ కేసులు 2021 జూన్ 28 నాటికి 40,845 నమోదైనట్టు కేంద్రం ప్రకటించింది. అందులో 31,344 ముక్కు, సైనస్‌ల నుంచి కంటికీ మెదడుకూ పాకే రకమే. అప్పటికి మృతులు 3,129 మంది. బాధితుల్లో అత్యధికులకు మధుమేహం ఉంది, చాలామంది కొవిడ్‌కు స్టెరాయిడ్లు వాడారు. హైదరాబాద్‌లో కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి ఈ జబ్బుకు ప్రధాన కేంద్రమైంది. ఆంఫోటెరిసిన్ ఇంజెక్షన్ ఎంత ముఖ్యమో, చచ్చుబడిన కణజాలాన్ని ఎండోస్కోపుతో వెంటనే తీసేయడం అంతే ముఖ్యం. చెంపలో తిమ్మిరి, ముక్కులో నల్లటి పొక్కు కనిపించిన రోజే వచ్చినవారికీ, కన్ను వాచాక వచ్చినవారికీ మధ్య తేడా చాలాసార్లు ప్రాణమే.

బస్తర్ లాంటి చోటికి ఆ పాఠాన్ని అన్వయించడం కష్టమేమీ కాదు. జగదల్‌పూర్‌లో ప్రభుత్వ వైద్య కళాశాల 2006 నుంచి ఉంది. కాంకేర్‌లో 2021లో మరొకటి వచ్చింది. రాయపూర్‌లో ఎయిమ్స్ 2012లో మొదలైంది. వైద్య కళాశాల అన్నాక ఈఎన్‌టీ విభాగం తప్పనిసరి. అన్ని ఆపరేషన్లూ జిల్లా ఆసుపత్రుల్లోనే జరగాలని ఎవరూ అనరు. కానీ ముక్కులోకి చూసేందుకు ఒక ఎండోస్కోపు, దాన్ని వాడగల డాక్టర్ నెలకు కొన్ని రోజులైనా జిల్లా కేంద్రానికి వస్తే సగం గందరగోళం అక్కడే తీరిపోతుంది. ఎవరికి స్ప్రే చాలు, ఎవరిది మైగ్రేన్, ఎవరి పన్ను తీయాలి, ఎవరిని పట్నం పంపాలి అన్నది అక్కడే తేలుతుంది. పట్నంలో ఆపరేషన్ అయినవారి పొక్కులు తీయడమూ అక్కడే జరిగిపోతుంది.

వారపు సంతల్లో వైద్య శిబిరాలు నడిపే హాట్ బజార్ క్లినిక్ పథకాన్ని ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2019 అక్టోబరు 2న ఆరంభించింది. ఉప్పు కొనడానికీ ఇప్పపువ్వు అమ్మడానికీ ఎలాగూ వచ్చే చోటికే డాక్టర్ రావాలన్నది దాని వెనకున్న ఆలోచన. నీళ్లు మరిగించి ముక్కు కడగడం ఎలాగో, స్ప్రే ఎటు తిప్పి కొట్టాలో చూపించడానికి ఆపరేషన్ థియేటర్ అక్కర్లేదు. సంతలో చెట్టు నీడ, హల్బీలోనో గోండీలోనో, దక్షిణ బస్తర్‌లోనైతే తెలుగులోనో చెప్పగల ఒక నర్సు చాలు. శాస్త్రం ఇరుకు ద్వారాన్ని తెరవడం నలభై ఏళ్ల కిందటే నేర్చుకుంది. ఇక తెరవాల్సింది ఊరికీ ఆసుపత్రికీ మధ్య ఉన్న దారి.

సరేననే ముందు డాక్టర్‌ని అడగండి

• నా ముక్కులోకి ఎండోస్కోపుతో చూశారా? ఏం కనిపించింది?
• స్ప్రే, ఉప్పునీరు తగినంత కాలం వాడిచూశానా? ఇంకేమైనా మందు మిగిలి ఉందా?
• సీటీ స్కాన్‌లో ఏ గదులు మూసుకుపోయాయి? పళ్లు బాగున్నాయా?
• నా ప్రధాన ఇబ్బంది తలనొప్పే అయితే అది మైగ్రేన్ కాదని ఎలా తేల్చారు?
• తీసిన కండను పరీక్షకు పంపుతారా?
• ఆపరేషన్ తర్వాత ఎన్నిసార్లు రావాలి? అందులో ఏవి మా జిల్లాలో చేయించుకోవచ్చు?

ఆలస్యం చేయకూడనివి

కన్ను వాయడం, చూపు మసకబారడం లేదా రెండుగా కనిపించడం, నుదుటి మీద వాపు, మెడ బిగుసుకుపోయే తీవ్ర తలనొప్పి, మధుమేహం ఉన్నవారి ముక్కులో నల్లటి పొక్కులు కనిపిస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. ఒకవైపే దిబ్బడ, పదేపదే రక్తం ఉంటే వారాలు వాయిదా వేయకుండా ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించుకోవాలి.